25 ఎకరాల వెంచర్‌కు వాననీటి లెక్క: బయటి కల్వర్టు నుంచి లోపలికి

హైదరాబాద్ శివారులో 25 ఎకరాల మెట్ట. ఎర్రనేల, కొన్నేళ్లుగా బీడు. దాన్ని 280 ఇళ్ల ప్లాట్లుగా మార్చే వెంచర్‌లో వాననీటి కాలువలు, నీళ్లు ఆపే గుంట డిజైన్ మా వంతు. ఈ పని ఏ వరుసలో చేశామో, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, సాధారణంగా ఎక్కడ దెబ్బతింటుందో ఇక్కడ రాస్తున్నాను. వాన తీవ్రత అంకెలు ఆ స్థలానికి మేం తీసుకున్నవి. మీరు మీ ప్రాంతం పట్టిక పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ చేయాలి.

మామూలుగా ముందు ప్లాట్లు గీస్తారు, తర్వాత రోడ్లు, చివర్లో ‘డ్రైనేజీ చూడండి సార్’ అని డ్రాయింగ్ చేతికిస్తారు. అప్పటికి స్థలంలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల మీద పది ప్లాట్లు పడి ఉంటాయి, వాటికి అడ్వాన్సులు కూడా వచ్చేసి ఉంటాయి. ఇక్కడ ప్లాట్ల గీత పడకముందే లెవెల్స్ మొదలుపెట్టగలిగాం. తర్వాతి సగం తలనొప్పులు రాకపోవడానికి అదే కారణం.

మొదట చూడాల్సింది మన స్థలం కాదు, నీళ్లు బయటికి పోయే చోటు. ఇక్కడ పల్లపు హద్దు అవతల నాలుగు మీటర్ల వెడల్పు నాలా ఉంది. అది 60 మీటర్ల దూరంలో ఊరి రోడ్డు కింద 900 మి.మీ. హ్యూమ్ (కాంక్రీటు) పైపు కల్వర్టులోంచి దాటి, దిగువ కుంటలో కలుస్తుంది. గ్రామ నక్షా, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, హెచ్ఎండీఏ చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) పటాలు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో కనిపించే వాగు ఇంకోదానిలో ఉండదు. నక్షాలో నాలా ఉండి నేల మీద లేకపోతే, ఎవరో దున్నేశారని అర్థం. వాన పెద్దదైతే నీళ్లు మళ్లీ ఆ దారినే వెతుక్కుంటాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. మాకు 2 మీటర్లే వర్తించింది. నీటిపారుదల, రెవెన్యూ శాఖల ఎన్‌ఓసీ కాగితాల్లో నాలా హద్దు రాళ్లు ఎక్కడున్నాయో స్పష్టంగా ఉండాలి. ‘నాలా పక్కన’ అని రాసి వదిలేసిన కాగితం తర్వాత ఎందుకూ పనికిరాదు.

సర్వే హద్దు రాళ్ల దగ్గర ఆగకూడదు. లోపల 10 మీటర్ల గళ్లలో, బయట చుట్టూ 50 మీటర్ల వరకూ, నాలా వెంట దిగువకు 200 మీటర్లు లెవెల్స్ తీయించాం. ఊరి గుడి మెట్టు మీద తాత్కాలిక బెంచ్‌మార్క్ (ఎత్తులన్నిటికీ ఆధారం) 100.000 మీటర్లు అనుకున్నాం. దాని ప్రకారం స్థలం ఎగువ అంచు 106.60, పల్లపు మూల 101.20. నీళ్లు నడిచే దూరం 450 మీటర్లు, అంటే వాలు 1.2 శాతం. కల్వర్టు అడుగు 98.60. పొలం గట్లను సర్వేయరు విడిగా చూపించాలి. కాంటూరు గీసే సాఫ్ట్‌వేర్ గట్టును చదును చేసేస్తుంది, కానీ ఎగువ పొలాల నీళ్లను ఎటు మళ్లించాలో ఇన్నాళ్లూ తేల్చింది ఆ అడుగున్నర గట్టే.

కల్వర్టు దగ్గర ఇంకో గుర్తు ఉంటుంది, దానికి యంత్రం అక్కర్లేదు. ఎగువ వైపు ముళ్లకంచె తీగలకు ఎండుగడ్డి, పాలిథిన్ కవర్లు ఒకే ఎత్తులో చుట్టుకుని ఉన్నాయి. ఆ ఎత్తుకు స్టాఫ్ (లెవెల్ కొలిచే కర్ర) పెట్టి చదివితే 100.05 వచ్చింది. కల్వర్టు పైపు పై అంచు 99.50. అంటే నీళ్లు పైపును ముంచి అరమీటరుకు పైగా పైకి లేచాయి. పక్క పొలం పెద్దాయనను ‘వానకాలం నీళ్లు రోడ్డెక్కుతయా?’ అని అడిగితే, ‘రోడ్డు అంచు దాక వస్తయి, గట్టిగ కొడితే ఎక్కుతయి’ అన్నారు. కంచె చూపించే లెవెల్, పెద్దాయన మాట కలిశాయి. ఇలాంటి సాక్ష్యం దొరికితే రిపోర్టులో ఫొటోతో సహా పెట్టాలి. తర్వాత డెవలపర్‌తో వాదన వచ్చినప్పుడు పది పేజీల లెక్క కంటే ఈ ఒక్క ఫొటో పనికొస్తుంది.

ఇక లెక్క. 900 మి.మీ. పైపు, 200కి 1 వాలు, పైపు గరుకుదనం చెప్పే మానింగ్ గుణకం 0.013: నిండుగా పారితే సెకనుకు 1.28 ఘనపు మీటర్లు, అంటే 1.28 క్యూమెక్కులు. అదీ పూడిక లేకుండా ఉంటే. ఆ కల్వర్టుకు చేరే మొత్తం భూమి 20 హెక్టార్లు, అందులో మనది 10. విస్తీర్ణం ప్రకారం మన వాటా 0.64. దాన్ని 0.60కి దించి, వెంచర్ నుంచి బయటికి వదిలే గరిష్ఠ ప్రవాహం అదేనని ఖాయం చేసుకున్నాం.

ఇక్కడ చాలామంది ఇంకో దారి పడతారు: ‘లేఅవుట్ కాకముందు ఎంత పారిందో, అయ్యాక కూడా అంతే వదులుతాం’ అంటారు. సూత్రంగా తప్పు లేదు. కానీ ఈ స్థలానికి అది చాలదు. బీడు భూమికి పారే గుణకం (పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతు) 0.30 తీసుకున్నాం. ఎగువ అంచు నీళ్లు పల్లానికి చేరే వ్యవధి చెప్పే కిర్పిచ్ సూత్రం 12 నిమిషాలు చూపించింది, గడ్డి నేల మీద పరుచుకుని పారే నీటికి దాన్ని రెట్టింపు చేయాలి కాబట్టి 24 నిమిషాలు. 25 ఏళ్లకోసారి వచ్చే వానకు ఆ వ్యవధిలో గంటకు 115 మి.మీ. తీవ్రత. గుణకాన్ని, తీవ్రతను, హెక్టార్లను గుణించి 360తో భాగిస్తే 0.96 క్యూమెక్కులు. మిగతా 10 హెక్టార్లూ అలాగే పారితే కల్వర్టు ఇప్పటికే చాలదు, కంచె మీద గడ్డి చెప్పేదీ అదే. కాబట్టి పాత ప్రవాహం కాదు, కల్వర్టు మోయగలిగిందే మన హద్దు.

లేఅవుట్ అయ్యాక ఏమవుతుందో చూడండి. రోడ్లు 3 హెక్టార్లు, గుణకం 0.90. ప్లాట్లు 5.8 హెక్టార్లు, అన్నిట్లో ఇళ్లు కట్టేసినట్టు 0.75. పార్కులు, గుంట కలిపి 1.2 హెక్టార్లు, 0.25. సగటు 0.735. నీళ్లు చేరే వ్యవధి 24 నుంచి 15 నిమిషాలకు పడిపోతుంది, ఎందుకంటే గట్లు పోయి పైపులు వచ్చాయి. 15 నిమిషాల తీవ్రత 140. ప్రవాహం 2.86 క్యూమెక్కులు, అంటే మూడింతలు. ఇందులో 0.60కి మించిందంతా గుంటలో ఆపాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 మార్గదర్శకాలు భవిష్యత్తు కాలువలకు గుణకాన్ని 0.95 దాకా తీసుకోవచ్చని చెప్పాయి. ప్లాటు చుట్టూ వదలాల్సిన జాగాలో కూడా టైల్స్ పరిచే మన అలవాటు చూస్తే అదేం అతి కాదు. 0.75కి మించి తీసుకోవాలా అన్నది ఆ ప్రాంతంలో ఇళ్లు ఎలా కడుతున్నారో తిరిగి చూసి తేల్చుకోవాలి, పుస్తకంలో చూసి కాదు.

వాన పట్టిక గురించి ఒక మాట. గంటల వారీ వాన అంకెలు లేకుండా రోజువారీ వానను 24తో భాగించి తీవ్రత తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. ఆ 30 సెంటీమీటర్లు 24 గంటలూ సమంగా పడితే గంటకు 12.5 మి.మీ. చొప్పున మన స్థలం నుంచి పావు క్యూమెక్కే వస్తుంది, గుంట అవసరమే ఉండదు. ఊళ్లను ముంచేది రోజు మొత్తం కాదు, అందులో అన్నిటికంటే గట్టిగా కురిసిన గంట, గంటన్నర. వాతావరణ శాఖకు చెందిన, వానను తమంతట తామే నమోదు చేసే గేజీల అంకెలో, రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ కేంద్రాల అంకెలో తీసుకుని, కనీసం 15, 30, 60, 120 నిమిషాల వ్యవధులకు పట్టిక ఉండేలా చూసుకోవాలి. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో ప్రచురించిన వాననీటి కాలువల మాన్యువల్‌లో ఆ పట్టిక తయారు చేసే పద్ధతి ఉంది.

ఎగువన 4 హెక్టార్ల పక్కవాళ్ల పొలాల నీళ్లు మన స్థలంలోంచే దిగుతాయి. ప్రహరీ కట్టి ఆపేస్తే వాళ్ల పైరు మునుగుతుంది, లేదా గోడ కూలుతుంది. రెండూ జరుగుతాయి. ఆ నీళ్లను మన పైపుల్లోకి, గుంటలోకి రానిచ్చినా నష్టమే, మనది కాని నీటి కోసం గుంట పెంచాలి. హద్దు వెంట విడిగా గడ్డి కాలువ పెట్టాం: అడుగు వెడల్పు అర మీటరు, లోతు 0.6, పక్కలు 1కి ఒకటిన్నర, వాలు 100కి 1. వచ్చే 0.38 క్యూమెక్కులు అందులో 37 సెంటీమీటర్ల లోతున పారతాయి, వేగం మీటరు చుట్టూ ఉంటుంది కాబట్టి మట్టి కోసుకుపోదు. నేరుగా నాలాలో కలుస్తుంది. ప్రహరీ వేసే మేస్త్రీకి ఈ కాలువ డ్రాయింగ్ విడిగా ఇవ్వాలి. గోడ పునాది మట్టి పోయడానికి అతనికి అన్నిటికంటే దగ్గరగా కనిపించే జాగా ఇదే.

గుంట పరిమాణానికి అందరూ వాడే తేలిక లెక్క ఒకటుంది. వ్యవధి మార్చుకుంటూ, లోపలికి వచ్చే మొత్తంలోంచి బయటికి పోయే మొత్తం తీసేయాలి. ఏ వ్యవధికి తేడా గరిష్ఠమో అదే నిల్వ. 25 ఏళ్ల వానకు, 0.60 వదులుతూ:

15 నిమిషాలు, వాన 35 మి.మీ.: 2,572 వస్తే 540 పోతుంది, మిగిలేది 2,032 ఘనపు మీటర్లు
30 నిమిషాలు, 52.5 మి.మీ.: 3,859 లోంచి 1,080, మిగిలేది 2,779
60 నిమిషాలు, 72 మి.మీ.: 5,292 లోంచి 2,160, మిగిలేది 3,132
90 నిమిషాలు, 82 మి.మీ.: 6,027 లోంచి 3,240, మిగిలేది 2,787
120 నిమిషాలు, 90 మి.మీ.: 6,615 లోంచి 4,320, మిగిలేది 2,295

ఇక్కడితో ఆగి 3,200 ఘనపు మీటర్ల గుంట తవ్వేవాళ్లు చాలామంది. తవ్విన మొదటి పెద్ద వానకే కట్ట మీదుగా పోతుంది. ఎందుకంటే ఈ లెక్క మొదటి నిమిషం నుంచే తూము 0.60 వదులుతుందని అనుకుంటుంది. నిజానికి గుంట ఖాళీగా ఉన్నప్పుడు తూము మీద నీటి ఒత్తిడే లేదు, చుక్కచుక్కగా పోతుంది. పూర్తి 0.60 వచ్చేది గుంట నిండే వేళకే. నీటిమట్టం, నిల్వ, విడుదల మూడింటినీ ఐదు నిమిషాలకోసారి కలిపి నడిపించే రూటింగ్ లెక్క ఎక్సెల్‌లోనే చేయొచ్చు, పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. అలా చేస్తే మాకు 4,400 ఘనపు మీటర్లు వచ్చింది, తేలిక లెక్క కంటే 40 శాతం ఎక్కువ. గరిష్ఠం వచ్చిన వ్యవధి కూడా గంట నుంచి గంటన్నరకు జరిగింది.

4,500కి తవ్వాం. అడుగు మట్టం 99.50, నిండు మట్టం 101.30, కట్ట పైభాగం 101.80. పక్కలు 1కి 3 వాలు, పిల్లలు జారిపడినా ఎక్కి రాగలిగేలా. అడుగు దాదాపు 56కు 36 మీటర్లు, నిండినప్పుడు నీటి ఉపరితలం 66కు 46. చుట్టూ మూడు మీటర్ల దారితో కలిపి ఎకరం పైచిలుకు. ‘ఎకరం అంటే పది పదకొండు ప్లాట్లు సార్!’ అన్న మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. వెంటనే ‘ప్రతి ప్లాటుకూ ఇంకుడు గుంత పెట్టిస్తే సరిపోదా?’ అన్న ప్రశ్న కూడా. జవాబు అంకెల్లోనే చెప్పాలి. నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు గుంతలో కంకర నింపాక ఖాళీ 40 శాతం, అంటే ఒక ఘనపు మీటరు పైచిలుకు. 280 గుంతలు కలిపితే 300 చుట్టూ. కావాల్సింది 4,400. ఇంకుడు గుంత బోరుకు మంచిది, పెట్టించాలి, కానీ వరద లెక్కలో దానికి ఆరేడు శాతానికి మించి వాటా లేదు. అదీ నాలుగు రోజుల ముసురు తర్వాత నిండి ఉంటే సున్నా. గుంట ఉన్న జాగాను పార్కు స్థలం కింద లెక్కిస్తారా లేదా అన్నది అనుమతి ఇచ్చే కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

తవ్వే ముందు జేసీబీతో నాలుగు మూలలా, మధ్యలో పరీక్ష గుంతలు తీయించాలి. హైదరాబాద్ చుట్టుపక్కల పైన అర మీటరు ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద ఎక్కడ రాయి తగులుతుందో చెప్పలేం. షీట్ రాక్ ఒకటిన్నర మీటర్లలో తగిలితే గుంట లోతు తగ్గించి వెడల్పు పెంచడమే చవక, బ్లాస్టింగ్ జోలికి పోవద్దు. పరీక్ష గుంతలు ఎండాకాలంలో తీసి ఊరుకోకూడదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో భూగర్భ జలం పైకి వచ్చి గుంట అడుగునే నీళ్లుంటే ఆ మేరకు నిల్వ పోయినట్టే. మాకు తవ్వకంలో వచ్చిన మొరం అక్కడే పల్లపు రోడ్లు, ప్లాట్లు మీటరు దాకా ఎత్తు చేయడానికి సరిపోయింది.

నీళ్లు వదిలే కట్టడం చూడ్డానికి చిన్న కాంక్రీటు గది. ముందు గోడలో రెండు రంధ్రాలు. కింద 300 మి.మీ. గుండ్రటి తూము, అడుగు మట్టంలోనే. గుంట నిండినప్పుడు అది 0.24 క్యూమెక్కులు వదులుతుంది. దాని పైన, గుంట అడుగు నుంచి 0.9 మీటర్ల ఎత్తులో 600 మి.మీ. వెడల్పు, 250 మి.మీ. ఎత్తు కిటికీ, నిండు మట్టంలో 0.35. రెండూ కలిస్తే 0.59. ఒకే పెద్ద రంధ్రం పెట్టినా 0.60 వస్తుంది, కానీ అప్పుడు ఏటా వచ్చే చిన్న వానలు ఆగకుండా వెళ్లిపోతాయి, గుంట ఉండీ కల్వర్టుకు ఉపయోగం లేదు. రెండంచెలు పెట్టడం వల్ల గుంట కొంత పెద్దదైంది, ఆ ఖర్చు న్యాయమైనదే. గది వెనక నుంచి నాలా దాకా 800 మి.మీ. పైపు, 200కి 1 వాలు. అది 0.93 మోయగలదు. బయటి పైపు ఎప్పుడూ తూముల కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే విడుదలను నిర్ణయించేది తూము కాదు, పైపు అవుతుంది, అప్పుడు లెక్కంతా వేరు.

తూము ముందు చెత్త జల్లెడ పెట్టాలి. నిలువు ఊచల మధ్య 75 మి.మీ. సందు, జల్లెడ వైశాల్యం తూముకు కనీసం ఐదారు రెట్లు, వాలుగా. నిటారుగా పెడితే పాలిథిన్ కవర్లు అంటుకుని అక్కడే ఉండిపోతాయి. వాలుగా ఉంటే నీళ్లు పెరిగే కొద్దీ చెత్త పైకి తేలుతుంది.

నాలాలో వరద 100.05 దాకా ఉన్నప్పుడు కింది తూము బయటి వైపు మునిగే ఉంటుంది. తిరుగు నీళ్లు రాకుండా ఫ్లాప్ వాల్వు పెట్టమని సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. ఒక కొబ్బరి మట్ట చిక్కితే వాల్వు తెరుచుకోదు, నిండిన గుంట ఖాళీ కాదు. దానికి బదులు నాలా మట్టం 100.05 అనుకుని రూటింగ్ మళ్లీ నడిపాం. అలుగు మీద కొన్ని సెంటీమీటర్ల నీళ్లు పారి ఆగింది. చాలు.

అలుగు విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. తూములు రెండూ మూసుకుపోయి, గుంట నిండి ఉండగా వందేళ్ల వాన వస్తే ఏమవుతుందన్నదే దాని లెక్క. 15 నిమిషాలకు 185 మి.మీ. తీవ్రత అనుకుంటే వచ్చేది 3.78 క్యూమెక్కులు. 15 మీటర్ల పొడవు అలుగు మీద 0.30 మీటర్ల లోతున 4.19 పారగలదు, కట్టకు ఇంకా 20 సెంటీమీటర్లు మిగులుతుంది. కాంక్రీటు పలక, దిగువన రాతి పేర్పు, నాలా దాకా అడ్డులేని దారి. అలుగు కట్టకపోయినా పెద్ద వానకు గుంట తనే ఒక అలుగు చేసుకుంటుంది, కట్టలో బలహీనమైన చోటు చూసుకుని. మన పాత చెరువులు కట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కొత్త వెంచర్ల డ్రాయింగుల్లోనే అలుగు కనిపించదు.

పైపులకు మాత్రం 5 ఏళ్ల వానే తీసుకున్నాం: 15 నిమిషాలకు 100 మి.మీ., చివరి ట్రంకు లైనుకు 2.04 క్యూమెక్కులు. 1,200 మి.మీ. ఎన్‌పీ3 తరగతి కాంక్రీటు పైపు, 250కి 1 వాలు, సామర్థ్యం 2.46. వీధుల్లో లైను 450 మి.మీ. కంటే తగ్గించలేదు, లెక్క ప్రకారం 300 చాలే చోట కూడా. ఇళ్లు కట్టే రోజుల్లో ఇసుక, సిమెంటు నీళ్లు, ఇటుక ముక్కలు పోవాల్సింది అందులోంచే.

ఇక్కడ ఒక కీలకమైన సంగతి. గుంట 25 ఏళ్ల వానకు, పైపులు 5 ఏళ్ల వానకు. మరి పైపులు మోయలేని మిగతా నీళ్లు గుంటకు ఎలా చేరతాయి? రోడ్డు మీదుగా. 2.86 లోంచి 2.46 తీస్తే 0.40 క్యూమెక్కు రోడ్డు మీద పారుతుంది, గ్రేటింగులు (రోడ్డు నీళ్లు కిందికి దిగే జాలీ మూతలు) సగం మూసుకుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి రోడ్ల వాలు కూడా గుంట వైపే దిగాలి, మధ్యలో ఎక్కడా గిన్నెలా పల్లం ఉండకూడదు. రోడ్డు వచ్చి ప్లాటు ముందు ఆగిపోయే మూల ఉంటే ఆ ప్లాటులోంచే వరద పోతుంది. అలాంటి రెండు మూలల్లో ప్లాట్ల మధ్య మూడు మీటర్ల నీటి సందు వదిలించాం, కర్బు రాయి తీసేసి నేరుగా గుంట కట్టలోని దిగుడులోకి. ప్లాట్లు గీయకముందే మొదలుపెట్టాలని పైన అన్నది ఇందుకే. రిజిస్ట్రేషన్లు అయ్యాక మూడు మీటర్ల సందు ఎవరిస్తారు?

గుంట నిండినప్పుడు ట్రంకు పైపు మూతి నీళ్లలో మునుగుతుంది. దాని అడుగు 99.85, పై అంచు 101.05, గుంట నిండు మట్టం 101.30. కాబట్టి పైపులో నీటిమట్టాన్ని 101.30 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. 365 మీటర్లకు ఒక మీటరు చొప్పున పెరుగుతుంది, రోడ్డు దానికంటే వేగంగా పైకి లేస్తుంది కాబట్టి ఎగువన చిక్కు లేదు. పల్లపు చివర మూడు మ్యాన్‌హోళ్లను మాత్రం విడిగా చూడాలి. అక్కడ రోడ్డు 102.20కి ఎత్తు చేశాక నీటికి, మూతకు మధ్య 0.8 మీటర్లు మిగిలింది. ఎత్తు చేయకపోతే మూతల్లోంచి నీళ్లు పైకి చిమ్మేవి.

మిగతావి చిన్నవే, కానీ చెడేది వీటి దగ్గరే. క్యాచ్‌పిట్లు (రోడ్డు నీళ్లు పైపులోకి దిగే గుంతలు) 25 నుంచి 30 మీటర్లకొకటి, పల్లంలో రెండేసి. ఒక్కోదాని అడుగున 300 మి.మీ. పూడిక గుంత, దోమలు పెరగకుండా దాని అడుగున చిన్న ఇంకుడు రంధ్రం. గ్రేటింగు రోడ్డు అంచు కంటే 20 మి.మీ. కిందికి కూర్చోవాలి. తారు ఫైనల్ కోటు వేశాక కాదు, వేయబోయే మందం లెక్కవేసి ముందే బిగించాలి. తప్పిన చోట గ్రేటింగు పొడిగా ఉండి పక్కన రోడ్డు చెరువవుతుంది. పైపులు కింది నుంచి పైకి పరుచుకుంటూ రావాలి. ఎగువ గ్యాంగు, దిగువ గ్యాంగు రెండు వైపుల నుంచి వస్తే మధ్యలో కలిసే చోట ఎదురు వాలు పడుతుంది, దాదాపు ప్రతిసారీ. మట్టి కప్పక ముందు ప్రతి రెండు మ్యాన్‌హోళ్ల మధ్య అద్దం, టార్చి పెట్టి చూడాలి. తర్వాత 5,000 లీటర్ల ట్యాంకరు పై మ్యాన్‌హోల్‌లో ఒదిలి, ఏ మ్యాన్‌హోల్‌లో నీళ్లు నిలిచాయో రాసుకోవాలి.

గుంట మొదట తవ్వాలి, చివర్లో కాదు. రోడ్ల పని జరిగే రోజుల్లో కొట్టుకొచ్చే మట్టి అందులో ఆగుతుంది. లేకపోతే అది నాలాలోకి, కల్వర్టులోకి, ఊళ్లోవాళ్ల తగాదాలోకి పోతుంది. పైపు వచ్చి పడే చోట రాళ్ల కట్టతో విడదీసి 0.6 మీటర్ల అదనపు లోతుతో పూడిక అర (పూడిక ఆగే గది) పెట్టాం, జేసీబీ దిగడానికి ర్యాంపుతో. ర్యాంపు లేని గుంటలో పూడిక ఎవరూ తీయరు. పని పూర్తయ్యాక మొత్తం ఓసారి తోడించి, అడుగు మట్టం 99.50 మళ్లీ చదివించి, ఆ తర్వాతే బిల్లు పాస్ చేయాలి.

వాన ఆగాక పూర్తిగా ఖాళీ అవడానికి దాదాపు ఎనిమిది గంటలు. మూడు రోజులు దాటి నీళ్లు నిలిస్తే తూము మూసుకుంది, లేదా ఎవరో మురుగు కలిపారు. రెండోదే ఎక్కువ. ఇల్లు కట్టే మేస్త్రీకి ఇంటి ముందు కనిపించే మొదటి మ్యాన్‌హోల్ వాననీటిదైతే మురుగు పైపు అందులోకే పోతుంది. మూతల మీద పోతలోనే ‘వాననీరు’ అని అక్షరాలు వేయించాం, మురుగు లైనుకు ప్రతి ప్లాటు హద్దు దాకా కనెక్షను ముందే ఇచ్చి మూత బిగించాం. ఎండాకాలంలో ఏ వాననీటి పైపులోనైనా నీళ్లు పారుతున్నాయంటే ఆ వీధి పట్టుకోవచ్చు.

ఇంకో ముప్పు, నీళ్లు త్వరగా పోవాలని ఎవరో ఒకరు తూమును పగలగొట్టి పెద్దది చేయడం. కాలనీవాళ్లకు గుంటలో నీళ్లు చూస్తే భయం, దిగువన కల్వర్టు వాళ్లకు కనపడదు. అందుకే 300 మి.మీ. రంధ్రాన్ని కాంక్రీటులో వదలకుండా 10 మి.మీ. స్టీలు పలకలో కోయించి గోడకు బిగించాం, గోడ మీద అడుగు, కిటికీ, అలుగు మట్టాలు పెయింటుతో రాయించాం. లేఅవుట్ ప్లానులో ఆ ఎకరాన్ని ‘ఖాళీ స్థలం’ అని కాకుండా ‘వాననీటి నిల్వ గుంట’ అని చూపించి, రోడ్లు, పార్కులతో పాటు స్థానిక సంస్థకు రాసిచ్చే గిఫ్ట్ డీడ్‌లో కొలతలు, మట్టాలతో సహా చేర్పించాలి. ఏడాదిలో రెండుసార్లు, మే చివర్లో ఓసారి, వానల మధ్యలో ఆగస్టులో ఓసారి, జల్లెడ శుభ్రం చేసి పూడిక అర తోడే బాధ్యత ఎవరిదో, ఖర్చు ఏ నిధి నుంచో కాలనీ సంఘం నిబంధనల్లో పేరా రాసుకోవాలి. డెవలపర్ సంతకం పెట్టే రోజే ఇది జరగాలి. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక సంతకానికి మనిషి దొరకడు.